ఆరోగ్యవంతుల వరసలో వెలిగిన పలక

కౌలాలంపూర్ ల్యాబులో తెలుగొచ్చినోళ్ళు ఇద్దరే: సీనియరు అక్క, ఆమె కింద పనిచేసే జూనియరు. ఎవరికీ తెలీకుండా తగువు పడాలంటే తెలుగులోకి దిగుతారు.

"అక్కా, ఈ గాజుపలకని ఎందుకు పక్కన పడేసినావు?"

"పాడైపోనాది. పారెయ్ లాహ్," అంది అక్క, మలేషియా వాళ్ళలా మాట చివర లాహ్ తగిలించి.

"ఏటి పాడైపోనాది? మన ఒంట్లో ఉండే ప్రోటీన్లే దీని మీద సుక్కలుగా పెట్టినాం. సొంత ఒంటి మీదే తిరగబడే రగతం తగిల్తే ఆ సుక్కలు వెలుగుతాయి. ఇది ఆ జబ్బున్న లూపస్ రోగుల పలకల్లాగే వెలుగుతోంది!"

"అది ఆరోగ్యవంతుల వరస. రోగులతో పోల్సడానికి మన స్టాఫు ఇచ్చిన రగతం. అందరం బాగానే ఉన్నాం."

"బాగున్నారని ఎవులు సూసినారు? అడిగి రాసుకున్నాం, అంతే కదా!"

"నాకు పాఠాలు సెప్పకు."

"సెప్తాను! మళ్ళీ సేసి సూసినాను, మళ్ళీ వెలిగినాది. ఆ మనిసికి కిడ్నీలు పోయేదాకా నోరు మూసుకోమంటావా?"

"మూసుకో! మూసుకుని ఈ ట్యూబు మూత తియ్యి."

"నువ్వే తీసుకో. నీకు సేతుల్లేవా?"

అక్క ట్యూబు బల్ల మీద పెట్టేసింది.

"అక్కా... ఈమధ్య మూతలన్నీ నా సేతే తీయిస్తన్నావు. లూపస్ వస్తే వేళ్ళ కీళ్ళు వాసిపోతాయి. ఆ గ్లవుజు తీసి వేళ్ళు సూపించు."

"సూపించను. పలక పారెయ్యమన్నానా లేదా!"