దాణా గది తాళం

నా పేరు అరుణమ్మ, భర్త పేరు వెంకటేశం, వయసు యాభై మూడు. హత్నూర మండలంలో మా పొలంలోనే రెండు షెడ్లు వేసి కోళ్లు పెంచుతున్నాను. కోళ్ల మందుల దుకాణం సుధీర్ ఇచ్చిన ఫిర్యాదు నాకు చదివి వినిపించారు. అతన్ని దాణా గదిలో పెట్టి తాళం వేసిన మాట నిజమే. హరిచందన చెప్తే వేశానన్నది మాత్రం శుద్ధ అబద్ధం.

హరిచందన పాశమైలారంలో ఒక ల్యాబులో పనిచేస్తుంది. జబ్బున్నా లేకున్నా దాణాలో యాంటీబయాటిక్ కలపడం మాకు అలవాటు. అలా కలుపుతూ పోతే క్రిములు ఆ మందుకు లొంగకుండా పోతాయని, రేపు మనుషులకు జబ్బు చేసినా అది పనిచేయదని ఆ పిల్ల చెప్పింది. దానికి బదులు పెప్టైడ్లని ఒక పొడి తెచ్చింది. జీవాల ఒంట్లో క్రిములతో కొట్లాడే చిన్న చిన్న ప్రొటీన్ల లాంటివేనట. ఒక షెడ్డుకు ఆ పొడి, రెండో షెడ్డుకు పాత దాణా వేసి పోల్చి చూడాలి. "నన్నడగకుండ ఈ షెడ్డుల వేరే మందు చుక్క గూడ వెయ్యొద్దు పెద్దమ్మా" అని గట్టిగా చెప్పింది.

మొదట నాకు నమ్మకం లేదు. కానీ ఆ పిల్ల చున్నీ నడుముకు చుట్టుకుని, కోళ్ల మధ్య గొంతుక్కూర్చుని రెట్ట విరిచి చూసేది. అంత చదివినామె మా షెడ్డులో ముక్కు మూసుకోకుండా కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. కోళ్లు బాగా తిన్నాయి. కింద పరిచిన ఊక పొడిగా ఉంది. పక్క షెడ్డు కంటే ఎక్కువే తూగాయి. ఇంకో వారం ఆగితే తన రెండేళ్ల కష్టం గట్టెక్కుతుందని చెప్పింది. నా సొంత బిడ్డ పరీక్ష రాస్తున్నట్టే నాకు నిద్ర పట్టేది కాదు.

మొన్న మంగళవారం పొద్దున ఆ పొడి వేసిన షెడ్డులోనే చాలా కోళ్లు చచ్చిపడి ఉన్నాయి. హరిచందనకు ఫోన్ చేశాను. ఆమె దారిలో ఉండగానే సుధీర్ రెండో షెడ్డుకు మందు తెచ్చి, చచ్చిన కోళ్లను చూశాడు. "అక్కా, జబ్బు సొచ్చింది. జల్దీ నీళ్లల్ల మందు కలపాలె" అని డబ్బాతో ట్యాంకు వైపు నడిచాడు. కలిపితే ఆ పిల్ల కష్టం మట్టిపాలవుతుంది. "దాణా గూడ ఖరాబైనట్టుంది, జెర సూడు తమ్మీ" అన్నాను. అతను లోపలికి పోగానే గొళ్లెం పెట్టి తాళం వేశాను. తలుపు బాదుతూనే ఉన్నాడు. నేను మెట్టు మీద కూర్చున్నాను. కొట్టలేదు, తిట్టలేదు. అంటే తిట్టాను, కొంచెం.

హరిచందన రాగానే గొప్పగా చెప్పాను. ఆమె నేరుగా షెడ్డులోకి పోయి చచ్చిన కోడిని కోసి చూసింది. పశువుల డాక్టరుకు ఫోన్లో చూపించి మాట్లాడింది. తర్వాత వచ్చి నా ముందు చెయ్యి చాపింది.

"తాళంచెవి ఇయ్యి పెద్దమ్మా. సుధీరన్న చెప్పిందే నిజం. మందు వెయ్యాలె."

"మరి నీ కష్టం బిడ్డా?"

"ఈ షెడ్డు ఇగ లెక్కల రాదు. మంచిగున్న కోళ్లకు మందెందుకు అన్న గని, జబ్బువడ్డదానికి వద్దన్ననా?"

నాకు ఏడుపొచ్చింది. ఆమె కళ్లలో కూడా నీళ్లున్నాయి. తానే తాళం తీసి సుధీర్‌కు చేతులు జోడించింది. అతను డబ్బా అక్కడే పడేసి ఠాణాకు వచ్చాడు. డాక్టరు చెప్పిన కొలతతో ట్యాంకులో మందు కలిపింది హరిచందనే. కోళ్లు చాలావరకు బతికాయి.

సుధీర్‌ను పరేషాన్ చేసినందుకు మాఫీ అడుగుతున్నాను. శిక్ష ఉంటే నాకు వేయండి. కేసులో పేరుంటే ల్యాబువాళ్లు ఆ పిల్లను మళ్లీ షెడ్ల వైపు పంపరట. వచ్చే బ్యాచికి నా రెండు షెడ్లూ ఆమెవే. సారూ, తాళం వేసింది నేను. తీసింది ఆమె.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, తిట్టిన సంగతితో సహా. అంతా నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సం.) అరుణమ్మ