ఐదో గ్లాసు

అలబామాలో ఎమ్మెస్ చదువుతున్న రూమ్మేట్లిద్దరూ ఆ ఊరి మ్యూజియంలో పాత మంచినీళ్ల కొళాయిల ముందు ఆగారు. ఒకదానిపై ‘తెల్లవాళ్లకి’, రెండోదానిపై ‘నల్లవాళ్లకి’ అని బోర్డులున్నాయి.

“ఎంత దారుణంరా! రెండింటికీ ఒకటే పైపు.”

“మన అపార్ట్‌మెంట్‌లోనూ ఒకటే పైపు.”

“అంటే?”

నెలల తరబడి మింగిన మాట రెండోవాడి నోటికొచ్చేసింది.

“నాలుగు స్టీలు గ్లాసులు కప్‌బోర్డ్‌లో ఉంటాయి. నాది మాత్రం సింక్ పక్కన బోర్లించి ఉంటుందేం?”

“ఆ సెట్టు మా అమ్మ ఇచ్చిందిరా... ఆవిడకి కొంచెం పట్టింపు.”

“మీ అమ్మ రాజమండ్రిలో ఉంది కదరా. మాదే పేటో నువ్వడిగిన రోజు దాకా నేనూ వాటిల్లోనే తాగాను.”



“సారీరా. ఇవాళే నీ గ్లాసు కూడా లోపల పెట్టేస్తాను.”

“వద్దులే. అప్పుడు నువ్వు వాటిల్లో తాగడం మానేస్తావు.”