మ్యాపులో లేని ఊట

రోడ్డు నా దిగువ చేను మీదుగా పోతుందని చావు కబురు చల్లగా చెప్పారు, బాగానే ఉంది. ఆ మ్యాపు ఇటు తిప్పండి సర్వేయరు బాబూ. మీకొక్కరికే కనబడేలా పట్టుకుంటే ఎలా? ఇదిగో, టీ గ్లాసు తీశాను, బల్ల మీద పరవండి.

ఏదీ నా చేను? ఇదా! పచ్చటి చేను పట్టుకుని రాళ్లగుట్టని చుక్కలు పెడతారా? నడిమధ్య ఊట ఉందే, నడివేసవిలో కూడా ఎండదే, దాన్నెవరు మింగేశారు? నీళ్లున్న చోట రోడ్డు వెయ్యబోమని ఇందాక మీరే అంటిరిగా!

నాకు తెలుసులెండి. మా మరిది పని. తన పొలం మీదుగా పోవలసిన రోడ్డుని నా మీదకి తోయించాలని మీ ఆఫీసులో ఎవరిదో చెయ్యి తడిపాడు. కాదని ప్రమాణం చేయండి చూద్దాం!

ఏమిటీ, వాడు పుట్టకముందు గీసిందా? కాగితం పచ్చబడితే పాతదైపోతుందా బాబూ? టీలో ముంచినా పచ్చబడుతుంది.

ఇంకోటి కూడానా? ఇది దానికన్నా ముందుదా... ఆగండాగండి. ఈ మెలిక మా వాగుదే. వరదకి దారి మార్చకముందు ఇలాగే పారేదని మా అత్తగారు చెప్పేది. అయితే పాతదే, సందేహం లేదు.

మరి ఊటేదీ? అయ్యో... అయ్యయ్యో! ఇది మా మామగారి తాత నిర్వాకం! ఆ ముచ్చట చెప్పుకుని ఇంటిల్లిపాదీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లం. కొలిచేవాళ్లు నీళ్లు చూస్తే పన్ను వేస్తారని, ఊట మీద రాతిపలకలు పరిచి పైన గొడ్లను కట్టేశాడట. వాళ్లకి కడుపునిండా భోజనం పెట్టి మరీ సాగనంపాడట. తర్వాత వచ్చిన మహానుభావులంతా దీన్నే చూసి గీసుకున్నారా? ఒక్కసారి వంగి చూస్తే మీ సొమ్మేం పోయింది?

ఆఁ? పొద్దున మీరు దిగి చూశారా? గడ్డికుప్ప తప్ప ఏమీ కనబడలేదా?

కనబడదు బాబూ. ఎవరో మ్యాపులు చంకన పెట్టుకుని గట్టు మీద వస్తున్నారని కోడలు కేకేసింది. మీరెవరో, ఎవరు పంపితే వచ్చారో నాకేం తెలుసు? నీళ్లు చూస్తే పన్నంటారేమోనని ఆ గడ్డి వేసింది నేనే. నా చేతుల్తో నేనే.

లేవండి, ఇప్పుడే తీసి చూపిస్తా. చెప్పులేసుకోండి. ఏం, కదలరేం?

రిపోర్టు పంపేశారా? చేను దగ్గర్నుంచే, ఫోన్లోనే? నీళ్లు లేవని? పంపింది వెనక్కి రాదా?

...సరే. కూర్చోండి, టీ తాగండి. చేను ఎటూ పోయింది. ఇక మరిదిని తిట్టుకునే దారి కూడా లేకుండా పోయింది నాకు.