పెట్రోలు వాసన, డీజిలు పొగ

"అమ్మమ్మా, చేపలు తోలడానికి చిన్న బండి కొందామనుకుంటున్నాం. డీజిల్ తీసుకోమంటావా, పెట్రోల్ తీసుకోమంటావా? అమ్మ నిన్నే అడగమంది."

నన్నా? నన్నడగమందా మీ అమ్మ? ఒలమ్మ ఒలమ్మ! దానికి తెల్సులే, అందుకే అడగమంది. అప్పుడది నా సంకలో సంటి గుంట. దానికేటి గేపకం ఉంటాది, నాను సెప్పగా ఇన్నదే. కూకో గౌరీ. ఆ ఫోను అలా నా మొకం ముందెట్టేవేటి? రికార్డింగా? సరే పట్టుకో. మద్దిలో దగ్గొస్తే అదీ ఎక్కుతాదేటి? ఎక్కనీ.

డీజిలా పెట్రోలా అంటే నాకు రెండూ భయమేనే. ఇప్పటికీ అంతే. మీ ఆయన మోటారుసైకిలు వాకిట్లో పెట్టి మూత తీసేడనుకో, ఆ వాసన లోనికొస్తే నాను ముందు పొయ్యి ఆపేస్తాను. తరవాతే ఎవరు, ఏటి అని అడుగుతాను. మీ అమ్మ నవ్వుతాది. నవ్వనీ. అది సూడనేదు, నాను సూసినాను.

అప్పుడు మేం హాడోలో ఉండేవోళ్ళం. ఓడల రేవుకి కొంచెం పైన, ఆకుల కప్పు ఇల్లు. బీమిలి అవతల నుంచి మమ్మల్ని సర్కారోళ్ళు ఓడెక్కించి ఈ దీవులకి తెచ్చి కొన్నేళ్ళయింది. మీ తాత మొదట తెడ్డు పడవ మీద ఎల్లేవోడు, తరవాత ఒక మోటారు పడవలో ఇంజిను సూసుకోవడానికి కుదిరినాడు. ఇంజినంటే అంత పిచ్చి మీ తాతకి. దాన్ని తుడిసినట్టు నా పెళ్ళికి తలంటుకోనేదు ఆయన, మా అమ్మ ఎప్పుడూ అనేది ఆ మాట. మా అమ్మ మాటలు ఇంకా ఉన్నాయి గానీ అయి నీకొద్దులే.

ఏటి సెప్తన్నాను? ఆ, పెట్రోలు. అప్పుడు బంకులూ గింకులూ ఎక్కడియ్యే? ఓడ మీద డ్రమ్ములొచ్చేవి. రేవులో దించి, కూలోళ్ళు దొర్లించుకుంటూ ఎల్లేవోళ్ళు. నాను ఒకసారి సేపల గంప నెత్తినెట్టుకుని ఆ పక్క నుంచే వొస్తన్నాను. ఒక డ్రమ్ము కారినట్టుంది, నేల తడిగా ఉన్నాది. నీళ్ళనుకున్నాను నాను. ఎవడో బీడీ ముట్టించి పుల్ల పడేసినాడు. అంతే గౌరీ, నేల మండిపోయింది. కట్టె నేదు, ఆకు నేదు, ఉత్త నేల. డ్రమ్ము దొర్లించేవోడు రాంచీ నుంచొచ్చిన కూలోడు, ఆడి కాళ్ళకి పాకీసింది. ఆడు 'మాయీ, మాయీ' అని అరుస్తా సముద్రంలోకి దూకీసినాడు. బతికేడు. ఎలగ బతికేడో సెప్పనులే. నా గంప ఎక్కడ పడిపోయిందో నాకు తెలీదు, ఇంటికొచ్చి మీ అమ్మని ఒళ్ళో ఎట్టుకుని పొద్దుగూకే దాకా లెగనేదు నాను. వొంట సెయ్యనేదు. ఆ మర్నాడు కూడా పొయ్యి ముట్టించడానికి సేతులు రానేదు.

అలాంటి దాని మీద, మీ తాతకి లారీ కొందామని బుద్ది పుట్టింది. ఎందుకంటే రేవులో బియ్యం బస్తాలు దిగుతాయి, సిమెంటు దిగుతాది, సేపలు దిగుతాయి. అయన్నీ ఊళ్ళోకి, పైన అబర్డీన్ బజారుకి ఎక్కించాలి. అప్పుడు లారీలు ఏళ్ళ మీద లెక్కెట్టొచ్చు. 'సముద్రం మీదకి ఎల్లక్కర్నేదు నర్సీ, పొద్దుగూకేసరికి ఇంటికాడుంటాను' అన్నాడు. నాకు ఆనందమే. గాలేసినప్పుడల్లా రేవు వైపు సూసి సూసి నా కళ్ళు కాయలు కాసిపోయినాయి మరి.

అమ్మకానికి రెండు ఉన్నాయి. బజార్లో ఒక సేఠు దగ్గర పాత మిలిటరీ లారీ, అది పెట్రోలుది. ఇంకోటి సర్కారు వేలంలో పెట్టిన డీజిలుది. అందరూ పెట్రోలుదే కొనమన్నారు. మత్‌లబ్, సూడ్డానికి అదే బాగుంటాది. ఇలా తిప్పితే అలా లెగుస్తాది, సప్పుడు నేదు, దిబ్బ మీదకి సల్లగా ఎక్కీస్తాది. డీజిలుదో? మోత! కడుపులో రాళ్ళేసినట్టు దడదడదడ. పొగ. పొద్దున్న లెగమంటే లెగదు, మొండి కోడలు లాగ. పడవోళ్ళందరూ మీ తాతని పట్టుకుని 'పెట్రోలుదే తీస్కో భయ్యా, సోచో మత్, ఆలోచించకు' అని ఒకటే పోరు.

మీ తాత ఎల్లి సేఠు లారీ సూసొచ్చినాడు. ఇంటికొచ్చి కూకున్నాడు. ఏటీ సెప్పడు. నానే అడిగినాను. 'బాగుంది' అన్నాడు. 'డ్రమ్ము ఎక్కడెడతావు మావా?' అన్నాను. మరి ఓడ వొచ్చినప్పుడే కదా పెట్రోలు దొరికేది, కొని దాసుకోవాలి కదా. 'ఇంటికాడే ఎట్టాలి, సూరు కింద' అన్నాడు. సూరు కింద! ఆకుల ఇల్లు గౌరీ అది! ఇటు పొయ్యి, అటు గుంట ఉయ్యాల, మద్దిన పెట్రోలు డ్రమ్ము!

నాను లెగిసిపోయినాను. 'ఆ లారీ ఈ వాకిట్లోకి వొచ్చిందా, గుంటనట్టుకుని నాను వైజాగు ఓడెక్కెస్తాను. నీ లారీతో నువ్వు కాపరం సేసుకో' అన్నాను. ఏడిసినాను కూడా. 'డీజిలైతే ఒక అగ్గిపుల్లకి అంటుకోదు, పడవలకి దొరికినట్టే దొరుకుతాది, మోతైతే మొయ్యనీ' అన్నాను. ఆయన నా కేసి సూసినాడు. 'సరే నర్సీ. నీ మాటే' అన్నాడు.

బస్. ఇంకేటీ అననేదు. నాను పెద్ద యుద్దానికి కొంగు బిగించుకుని ఉన్నాను. అంత బేగి ఒప్పుకునే మనిషి కాదు మీ తాత, కూరలో ఉప్పు గురించే పూటంతా వాదించేవోడు.

ఇక బజార్లో నవ్వులే నవ్వులు. 'జోరూ కా గులామ్ వొచ్చినాడు, తోవ ఇయ్యండి' అని, పెళ్ళానికి బానిసంట. డీజిలు లారీ దిబ్బెక్కలేక ముక్కుతుంటే పక్కనుంచి సైకిలోళ్ళు దాటిపోతా పెళ్ళాం పేరెట్టి ఎక్కిరించీవోళ్ళు. మీ తాత నవ్వి ఊరుకునేవోడు.  నా మూలంగా కదా, మగోడు నలుగురిలో అలా పడతన్నాడు. అయినా పెట్రోలుదే కొనుక్కో అని నోరు రానేదు నాకు. భయం అలాంటిది.

ఇప్పుడొకటి సెప్పాలి, మన పడవోళ్ళ సంగతి. పడవ ఇంజినుకి ప్రతి శుక్రవారం పసుపు రాసి, బొట్టెట్టి, గంగమ్మ పేర ఒక డబ్బా నూనె ఎగస్ట్రా పోసేవోళ్ళు. ఇంజిను నూనె. పడవ ఇటూ అటూ ఒరుగుతాది, పాత ఇంజిన్లు కారుతుంటాయి, పోసిందంతా సముద్రంలోకే పోతాది, ఏం కాదు. మీ తాత లారీకీ అలాగే పోసేవోడు. ఎవరు కాదంటారు? నాను దండం ఎట్టుకునే దాన్ని. లారీ పడవ కాదు కదా, కారదు కదా. పోసిందంతా కడుపులోనే ఉండిపోతాది. అది మాకు తెలీదు.

ఆ రోజు నాను కూడా లారీ ఎక్కినాను. మీ అమ్మకి ఒళ్ళు ఎచ్చగా ఉన్నాదని ఆస్పత్రికి. ఎనక బియ్యం బస్తాలు నిండా. హాడో నుంచి పైకెక్కి, బజారు దగ్గరికొచ్చేసినాం. అక్కడ దిబ్బ మీద జనమే జనం, సంత పొద్దు. లారీ ఒక్కసారి ఊగింది. ఎనకాల తెల్లటి పొగ, దట్టంగా, మబ్బు దిగినట్టు. ఇంజిను మోత ఎక్కింది. ఎక్కుతానే ఉంది. 'ఏటి మావా అలా తొక్కుతన్నావు?' అన్నాను. 'నాను తొక్కట్లేదే' అన్నాడు. ఆయన మొకం సూసినాను. రక్తం నేదు మొకంలో. 'కాలు తీసేసినాను నర్సీ. అదే పరిగెడతంది.'

తాళం తిప్పేసినాడు. పెట్రోలు బండైతే తాళం తిప్పితే సచ్చిపోతాది. దీనికి తాళంతో పని నేదు, ఒక తీగ లాగాలి, డీజిలు ఆగిపోతాది. లాగినాడు. ఆగనేదు. మళ్ళీ లాగినాడు, తీగ తెగి సేతికొచ్చేసింది. దానికి డీజిలుతో పనేటి ఇంక? తన కడుపులో ఎక్కువైన నూనె తనే తాగుతంది. తాగి తాగి అరుస్తంది. కిందనుంచి నా కాళ్ళలోకి, పళ్ళలోకి వొచ్చీసింది ఆ అదురు. గేరులో వొదిలితే జనం మీదకి దూకీస్తాది. అందుకని గేరు తీసి, బ్రేకు నొక్కి పట్టుకుని, 'దిగు! గుంటనట్టుకుని దిగు! సెక్రాల కింద రాళ్ళెట్టు!' అని అరిసినాడు.

దిగినాను. దిగినానో పడినానో. టీ కొట్టు బెంగాలీ దీదీ సేతుల్లో మీ అమ్మని పడేసి, రాళ్ళు తెచ్చి ఎనక సెక్రాల కింద తోసినాను. జనం పరుగు. 'భాగో, భాగో, ఫట్ జాయేగా!' అని. పేలిపోద్దంటన్నారు. నిజమే అది, అలా అరిసిన ఇంజిను ముక్కలై లేచిపోద్దంట, మనిషి మీదుంటే మనిషి కూడా. మీ తాత దూకి పారిపోవచ్చు కదా? దూకినాడు గానీ పారిపోనేదు. ముందుకొచ్చి ఇంజిను మూత ఎత్తినాడు. పొగలో మనిషి కనిపించట్లేదు నాకు, సేతులొక్కటే కనిపిస్తన్నాయి.

అప్పుడు నా గుండెలో ఒకటే మాట. నాను కొనిపించినాను. నా మాట మీద కొన్నాడు. ఈ దెయ్యం నా మాట మీద వొచ్చింది, నా మొగుణ్ణి నానే దీని నోట్లో పెట్టినాను.

'గోనె! తడి గోనె!' అని ఇనిపించింది. టీ కొట్టు ముందు గోనె పరిసుంది, లాగి నీళ్ళ తొట్టిలో ముంచినాను. దీదీ 'మత్ జావ్' అని నా కొంగు పట్టుకుంది. కొంగు ఇడిపించుకుని ఎల్లినాను. ఎలగెల్లినానో అడక్కు గౌరీ.  ఏడి, మొకం మీద కొట్టినట్టు. ఆయన గోనె మడిసి, ఇంజిను గాలి పీల్చే గొట్టం మూతి మీద అదిమినాడు. గోనెని లోనికి లాగీసుకుంటంది అది! 'పీట!' అన్నాడు. టీ కొట్టు పీట తెచ్చి దాని మీదెట్టి, ఇద్దరం మా బరువంతా ఏసి నొక్కినాం. ఊపిరాడక అది గిలగిల్లాడింది. లారీ మొత్తం ఊగింది. నాను కళ్ళు మూసేసుకుని గంగమ్మని తిట్టినాను. దండం కాదు, తిట్టినాను.

ఆగింది.

ఆగినాక బజారంతా ఎంత నిశ్శబ్దమో. మీ అమ్మ ఏడుపు ఒక్కటే. అది ఇని నాను బతికినానని తెలిసింది. మీ తాత అక్కడే మట్టిలో కూలబడిపోయినాడు. బీడీ తీసినాడు, తిరగేసి నోట్లో ఎట్టుకున్నాడు. బీడీ జారిపోయింది. నాను ఆయన పక్కన కూకుని బోరుమన్నాను. 'నా మూలంగానే మావా. పెట్రోలుదే కొనుంటే ఇంత జరిగేది కాదు. నా భయానికి నిన్ను సంపేసుకునేదాన్ని' అన్నాను.

ఆయన ఆ బీడీ మట్టిలోంచి ఏరి సెవి మీద ఎట్టుకున్నాడు. తరవాత, నా కేసి సూడకుండా, నేల కేసి సూస్తా అన్నాడు. 'నీ మూలంగా కాదే నర్సీ. ఆ రోజు సేఠు నాకు సూపించడానికి టాంకీ మూత తీసినాడు. ఆ వాసనకి నా కాళ్ళు సచ్చుపడిపోయినాయి. నాను కొననంటే పడవోళ్ళు ఏటంటారు, ఇంజిను మనిషికి పెట్రోలంటే భయమా అంటారు. ఇంటికొచ్చి కూకున్నది నువ్వు వొద్దంటావనే. నువ్వు వొద్దనేదాకా నా పానం నాకాడ నేదు.'

 ఇన్నాళ్ళూ జోరూ కా గులామ్ అంటే నవ్వి ఊరుకున్నాడే, అదెందుకో అప్పుడు తెలిసింది. కోపం రానేదా అంటే వొచ్చింది. ఒక్క మాట నాతో అనొచ్చు కదా. నాను పగలల్లా భయపడతా, నాకొక్కదానికే ఈ పిరికి బుద్ది అని సిగ్గుపడతా తిరిగినాను. పక్కన పడుకున్నోడికి కూడా అంతే భయమని తెలిస్తే నా భయం సగమైపోయేది. కొంగుతో ఆయన మొకం మీద మసి తుడిసినాను. 

నూనె ఎక్కువై అలాగయిందని తెలిసినాక గంగమ్మ డబ్బా మానేసినాం మరి. లారీ బాగుసేయించినాడు, శానా ఏళ్ళు తోలినాడు. దిబ్బ కింద నుంచి ఆ దడదడ ఇనిపించేదాకా నాను అన్నం వొడ్డించేదాన్ని కాదు. భయం పోతాదేటి? పోదు. కానీ ఆ రోజు నుంచి మీ తాత ఇంటికొచ్చి సెప్పేవోడు. 'ఈయేళ మలుపు కాడ భయమేసింది నర్సీ' అని. నలుగురిలో సెప్పడు, నాకు సెప్పేవోడు. ఆఖర్న ఆస్పత్రి మంచం మీద కూడా, డాక్టరు అడిగితే 'ఠీక్ హూ' అన్నాడు, కొడుకులు అడిగితే 'బానే ఉన్నాను' అన్నాడు. అందరూ ఎల్లినాక నా సెయ్యి పట్టుకుని, 'భయమేస్తంది నర్సీ' అన్నాడు. 'నాక్కూడా మావా' అన్నాను. అప్పుడు పడుకున్నాడు.

ఏటే, ఏడుస్తన్నావా? ఊరుకో. డీజిలో పెట్రోలో నాకేటి తెల్సు తల్లీ, ఇప్పటి బళ్ళు ఎలగుంటాయో. ఏది కొన్నా సల్లగా తిరగండి ఇద్దరూ. పొద్దుగూకేసరికి ఇల్లు సేరండి. నీ పసుపు కుంకాలు సల్లగుండ... ఆ ఫోను ఆపీ ఇంక. ఆపినావా? నిజంగా ఆగిందా అది?