తేమ పీల్చే పూసలు

అదేంటి సార్, ఆ అమ్మాయికి చేతకాదని అందరి ముందూ అనేశారు? సోమవారం నుంచి ల్యాబ్‌కి రావద్దన్నారట. మూడేళ్ల పరిశోధన సార్ ఆ పిల్లది. ఒక్క ఐదు నిమిషాలు నా మాట వినండి. కుర్చీ వద్దులెండి, నిలబడే చెబుతా.

ఇరవయ్యారేళ్లుగా ఈ గ్యాస్ గొట్టాలు నేనే చూస్తున్నా. పెద్ద చదువులు లేవుగానీ, మీ మాటలు వినీ వినీ నాకూ కాస్త అబ్బింది. లేజర్ తగలగానే కార్బన్ డయాక్సైడ్ అణువులు వణుకుతాయి. ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఆ వణుకు పోగొట్టుకుంటాయి. అంతేగా? ఒక్క దెబ్బకి పోదు, వేలసార్లు గుద్దుకోవాలి. మా ఆవిడ కోపమూ అంతే సార్. బజార్లో వెయ్యిమందిని రాసుకుంటూ నడిచినా దిగదు. వాళ్లక్క ఎదురైతే చాలు, రెండు మాటల్లో మొత్తం దించేస్తుంది.

నీటి ఆవిరి ఆ అక్కలాంటిది. కొంచెం కలిసినా చాలు, వణుకు ఇట్టే ఆగిపోతుంది. మీరే చెప్పారు.

మరి మొదటిసారి ప్రయోగం చేసినప్పుడు ఆ వణుకు పుస్తకాల్లో ఉన్నదానికంటే వందరెట్లు తొందరగా ఆగిందని మీరు సంబరపడ్డారు చూశారూ... ఉండండి, కోప్పడకండి. ఆ తర్వాత ఆ పిల్ల ఎన్నిసార్లు చేసినా పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది. తప్పు ఆమెదన్నారు.

గ్యాస్‌లో తేమ పీల్చడానికి గొట్టంలో పూసలు పోస్తాం కదా, వాటిని ముందు ఓవెన్‌లో కాల్చాలి. కాల్చాను సార్, ఆ మాట నిజం. కానీ ఆ మొదటిసారి, కాల్చాక ఓవెన్ ఇంకా వెచ్చగా ఉందని, పూసల పక్కనే నా క్యారేజీ పెట్టుకున్నా. మూత తీసి మరీ. అన్నం ఆవిరంతా వాటికే పట్టింది. తేమ పీల్చాల్సిన పూసలే గ్యాస్‌లోకి తేమ వదిలాయి. మీరు కనిపెట్టింది నా భోజనం సార్.

ఈ సంగతి ఆ పిల్లకి నెల క్రితమే తెలుసు. ఓవెన్ గోడకి అంటిన కూర మరక చూసి అడిగింది, ఒప్పుకున్నా. "ఆర్నెల్లలో రిటైరవుతారు బాబాయ్, ఇప్పుడెందుకు అల్లరి? సార్‌కి నేనే ఎలాగో నచ్చజెబుతా" అంది. ఆమె చెప్పబోయిన ప్రతిసారీ మీరు విననేలేదు.

పంపించేదేదో నన్ను పంపించండి. నిన్న మీరు ఆమెని తిడుతుంటే నేను పక్కనే ఉన్నా సార్. తుడిచిన గొట్టమే మళ్లీ తుడుస్తూ తల వంచుకుని నిలబడ్డాను.