ఫిరంగికి వడ్డించే సిరిల్

1939 సెప్టెంబరు, లివర్‌పూల్ రేవు. ప్రయాణికుల ఓడను యుద్ధనౌకగా మారుస్తున్నారు. ఖాళీ అవుతున్న ఫస్టు క్లాసు భోజనశాలలో, ఇన్నాళ్లూ అక్కడే వడ్డించిన సిరిల్, గదులు సర్దిన ఎనిడ్.

"నువ్వా! ఫిరంగి దగ్గరా! సూపు గిన్నె పట్టుకుంటేనే చేతులు వణుకుతాయి నీకు!"

"అది ఆ బిషప్పు గారి భార్య గుడ్లురిమి చూసినందుకు. ఫిరంగికి కళ్లుండవుగా!"

"అబ్బో! గుండు అందిస్తూ ఏమంటావ్ సిరిల్? 'సాస్ వెయ్యమంటారా అండీ' అనా?"

"'వేడిగా ఉంది, జాగ్రత్తండీ' అంటా."

"నవ్వించకు బాబూ, గోడ మీంచి దించుతున్న ఈ అద్దం జారిపోద్ది! అటు పట్టుకో... మెల్లగా... హమ్మయ్య."

"ఎనిడ్, ఆ మఖమల్ కుర్చీలో ఒక్కసారి కూర్చో."

"అమ్మో! మన పైవాడు, ఆ పెద్ద స్టివార్డు చూశాడంటే—"

"ఆయన పొద్దుట్నుంచీ నేవీ టోపీ పెట్టుకుని అద్దంలో తనకు తానే సెల్యూట్ కొట్టుకుంటున్నాడు. కూర్చో. ఆఁ... మేడమ్ గారికి ఏం తెమ్మంటారు?"

"ఆల్చిప్పలు. ఛీ, వద్దు వద్దు! వేయించిన చేప, బంగాళాదుంప ముక్కలు. వెనిగర్ దండిగా. ఏయ్, ఆ మోకాళ్ల మీద కూర్చోడమేంటి? లే, దుమ్ము!"

"పెళ్లి ఏప్రిల్లో అనుకున్నాం కదా. ఈ వారమే చేసుకుందామా?"

"పిచ్చా నీకు? కేకులోకి అమ్మ ఇంకా ఎండుద్రాక్షే కొనలేదు!"

"కేకు లేకపోతే పోనీ."

"పోనీయా! కేకు లేదంటే మా డోరిస్ పిన్ని గుమ్మమే తొక్కదు. అయినా ఏంటంత తొందర?"

"ఏం లేదు. ఊరికే."

"ఊరికే ఎవరన్నా మోకాళ్ల మీద పడతారా? చెప్పు."

"ఆ ఫిరంగులు మా నాన్న పుట్టకముందువి ఎనిడ్."

"అయితే 'మీరు' అని పిలువు వాటిని!"

"కింద సరుకు గదుల్లోకి పీపాలు ఎక్కిస్తున్నారు, చూశావా?"

"చూశా, చూశా. వందలకి వందలు! మీ నావికులకి అంత బీరా?"

"ఖాళీవి. మూతలు బిగించి పంపారు."

"ఖాళీ పీపాలతో ఏం చేస్తార్రా దేవుడా?"

"ఓడకి చిల్లు పడితే... ఇంకాసేపు తేలుద్దని."





"లే. ఆ ఏప్రన్ ఇప్పెయ్."

"ఎందుకు? ఇంకా కుర్చీలన్నీ మొయ్యాలి—"

"రిజిస్ట్రారు ఆఫీసు మూసేస్తారు సిరిల్, పరిగెత్తు!"