తలుపు తీసే షాట్

అధ్యక్ష స్థానంలో ఉన్న మా సంస్థ యజమాని గారికి, ఇన్నాళ్లూ నా చేత తెరమీద కాపురం చేయించిన డైరెక్టర్ గారికి, పెద్దలకు, స్నేహితులకు, వెనక వరుసలో అప్పుడే కళ్లు తుడుచుకుంటున్న మేకప్ అక్కకు (ఆగక్కా, నేనింకా మొదలే పెట్టలేదు) నమస్కారం. (నవ్వులు)

నాకు ఎవరో రాసిచ్చింది చెప్పడమే వచ్చు. సొంతంగా మాట్లాడటం అలవాటు లేదు. ఎక్కడైనా తడబడితే మన ఎడిటర్ కత్తెర బాబు ఉన్నాడు, తర్వాత కోసేస్తాడులెండి. (నవ్వులు)

మనది చిన్న నాటకం, చేతిలో టీ చల్లారేలోపు ఫోన్‌లో అయిపోయే నాటకం. ఇరుకు ఇంట్లో ఒక మొగుడూ పెళ్లాం. ప్రతి భాగంలోనూ గొడవపడతారు, ఆయన విసురుగా వెళ్లిపోతాడు, చివర్లో మెట్లెక్కి వచ్చి తలుపు కొడతాడు, నేను తీస్తాను. అంతే కథ. మా ఇద్దరికీ నిజంగానే పెళ్లయిందని చూసేవాళ్లలో చాలామందికి తెలియదు, తెలిసినా నమ్మలేదు. "నిజం మొగుడూ పెళ్లాం ఇంత బాగా మాట్లాడుకోరు" అని ఒకావిడ రాస్తే, మా ఆయన ఆ రోజంతా ఇంట్లో నన్ను "అమ్మగారూ, అమ్మగారూ" అని పిలిచి చంపుకుతిన్నారు. (నవ్వులు)

వాళ్లు ఊరికే చూసి వదిలేయలేదండీ, మా కాపురంలో దూరిపోయారు. "బావకి అంత పొగరేంటక్కా, రెండు రోజులు అన్నం పెట్టకు" అని ఒకరు, "వదినా, నువ్వూ కాస్త నోరు తగ్గించుకో" అని ఇంకొకరు. "మా ఆయన పక్కనే కూర్చుని చూశాడు, ఏమీ అనలేదు, లేచి వెళ్లి గిన్నెలు కడిగాడు" అని ఒకమ్మాయి రాసింది. అవన్నీ మా ఆయన గొంతులు మార్చి మార్చి నాకు చదివి వినిపించేవారు.

ఆ రోజుల్లో ఆయన మెట్లెక్కి రాగానే దగ్గేవారు. పేరూ బొమ్మా ఏవీ పెట్టుకోని ఒకావిడ రాసింది: "ఆ దగ్గు నటన కాదు. మా ఇంట్లో అలాంటిదే విన్నాను. డాక్టర్‌కి చూపించండి." మా ఆయన పకపకా నవ్వారు. "చూశావా, నేను నటిస్తే నటన అనుకోలేకపోతున్నారు, ఇంతకంటే ఏం కావాలే!" అన్నారు. నేనూ నవ్వాను. సౌండ్ తమ్ముడూ, నువ్వు "దగ్గు బాగుంది సార్, ఉంచేద్దాం" అన్నావు. తల దించుకోకు నాయనా, నిన్నేమీ అనడం లేదు. వినాల్సినట్టు విన్నది ఆవిడ ఒక్కతే, ఆవిడ ఎవరో కూడా నాకు తెలియదు.

ఆయన పోయిన కబురు సంస్థ తరఫున ఫొటోతో పెట్టారు. చూసేవాళ్లు అదీ నాటకమే అనుకున్నారు, దాని కింద ఏం రాశారో మీరంతా చదివారు. ఎవరూ పైకి అనలేరు కాబట్టి నేనే చెబుతాను. "ఈ భాగం అదిరింది." "డైరెక్టర్‌కి పెళ్లి కాలేదా, బావని ఎందుకు చంపాడు?" "ఏడిపించింది చాలు, వచ్చే భాగంలో తీసుకొచ్చేయండి." నేను ఆస్పత్రిలో కాగితాల మీద సంతకాలు పెడుతుంటే ఫోన్ నిండా ఎర్ర గుండె బొమ్మలు వచ్చిపడుతున్నాయి. కోపం రాలేదంటే అబద్ధం. ఫోన్ గోడకేసి కొట్టాను. కానీ వాళ్లని ఏమని తిట్టను? ఎంత గొడవైనా ఆయన తిరిగొస్తారని ప్రతిసారీ నమ్మించింది మనమే కదా.

ఇక ఈ సంస్మరణ సభలో యజమాని గారు ఇందాక మైకులో చెప్పిన శుభవార్త సంగతి. మా ఆయన మెట్లెక్కి వచ్చే షాట్లు మనం చొక్కాలు మార్చి ఒకే రోజు చాలా తీసేసుకునేవాళ్లం. వాటిలో వాడనివి ఇంకా ఉన్నాయి. వాటితో బావ తిరిగొచ్చే భాగం కడతారట. చూసేవాళ్లు సంతోషిస్తారు, నాటకం మూతపడదు, ఈ హాల్లో ఉన్నవాళ్ల ఉద్యోగాలు నిలబడతాయి. కావలసిందల్లా నేను తలుపు తీసి నవ్వే షాట్ ఒక్కటే. వారం కిందట నన్ను అడిగారు. నేను అవుననలేదు, కాదనలేదు. ఈ రోజు ఖాయం చేసేశారు.

ఆ షాట్లు తీసిన రోజు ఆయన మధ్యమధ్యలో కింది మెట్టు మీద గోడకి తల ఆనించి కూర్చునేవారు. మేకప్ అక్క చొక్కా మార్చబోతే చేతులు పైకెత్తలేకపోయారు. "ఇంకొక్కటి కూడా తీసేయండి, రేపు రాలేనేమో" అన్నారు. మీరు అతికించబోయేది ఆ మనిషిని.

అయినా ఒప్పుకుందామనే అనుకున్నాను. మీ పిల్లలు నా ఒళ్లో ఆడుకున్నవాళ్లు, నేను కాదంటే ఎవరింట్లో ఏమవుతుందో నాకు తెలుసు. నిన్న ఇంట్లో ఒకసారి చేసి చూసుకున్నాను. గొళ్లెం తీశాను. అవతల ఖాళీ మెట్లు. ఆ ఖాళీ వైపు చూసి "ఇప్పుడా రావడం?" అని విసుక్కోవాలి, ఆ తర్వాత నవ్వాలి. రాదనుకున్న నవ్వు వచ్చేసిందండీ. ఆయన నిజంగా ఎదురుగా నిలబడితే ఎలా వస్తుందో అలాగే వచ్చింది. గబుక్కున తలుపు మూసేశాను. కెమెరా ముందు ఒక్కసారి అలా నవ్వానంటే, ఇక బతికినన్నాళ్లూ రోజూ సాయంత్రం వెళ్లి ఆ తలుపు తీస్తూనే ఉంటాను.

యజమాని గారూ, ఇన్నేళ్లు మాకు పని ఇచ్చారు, తిండి పెట్టారు. ఆయన మంచాన ఉన్నప్పుడు మీరంతా వంతులు వేసుకుని కాపలా ఉన్నారు. ఆ రుణం ఈ జన్మలో తీరదు, అందరికీ కృతజ్ఞతలు. నన్ను తిట్టుకోండి, పడతాను. ఆయన షాట్లు మీవి, కాదనను. మెట్లెక్కి వస్తున్నట్టు చూపించుకోండి. తలుపు కొడుతున్నట్టు చూపించుకోండి. నేను మాత్రం తీయను.

సెలవు.